చిట్టికి, థర్మామీటరుతో పాటు

చిట్టీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. అప్పటికి కైకలూరులో ఇంకా పూర్తిగా తెల్లారలేదు. "ఒరేయ్, నీ మేనకోడలు కొండల్లోకి పోయి చేపలు పడుతుందంట. పట్టి మళ్ళీ నీళ్ళలోనే వదిలేస్తుందంట. కూర వండుకోని చేపని పట్టడం దేనికిరా? ఇది నీ దగ్గర నుంచి అంటుకున్న జబ్బే" అని ఎడాపెడా తిట్టింది. తిట్టినంతసేపూ నాకు లోపల సంతోషంగానే ఉంది. మా వాడు పదో తరగతికి వచ్చేసరికే గాలం కర్ర గరాజ్‌లో పడేశాడు. ఇంక మనింట్లో ఈ పిచ్చి నాతోనే ఆఖరు అనుకున్నాను.

తర్వాత నీ మెసేజ్ చూశాను. "శనివారం లంచ్ చేసి బయల్దేరతాం మావయ్యా, ఎండ తగ్గాక సాయంత్రం రాపిడాన్ వాగులో చేపలు పడతాం" అని రాశావు. ఆ "ఎండ తగ్గాక" దగ్గర ఆగిపోయాను. అందుకే ఫోన్ చెయ్యకుండా కూర్చుని రాస్తున్నాను. ఫోన్‌లో అయితే "సరే మావయ్యా, సరే మావయ్యా" అనేసి పెట్టేస్తావు.

ముందు చిన్నవి చెప్పేస్తాను. వర్జీనియా లైసెన్స్ ఆన్‌లైన్‌లో తీసుకో. ఆ వాగు ఉన్న షెనండోవా పార్కులో ఒకే కొక్కెం ఉన్న నకిలీ ఎరలే వాడాలి, మనకైతే ఫ్లైలు, అంటే పురుగుల్లా కట్టిన ఎరలు, వానపాములూ గీనపాములూ కుదరవు. కొక్కేనికి వెనక్కి తిరిగి ఉండే బుల్లి ముల్లుని పట్టకారుతో నొక్కేయి, చేప నోట్లోంచి తేలిగ్గా వచ్చేస్తుంది. నువ్వు కొన్న మూడో నంబరు రాడ్, అదే గాలం కర్ర, ఆ వాగుకి సరిగ్గా సరిపోతుంది. ఫ్లైలు డజనుకి మించి కొనకు. షాపు వాడు వంద చూపిస్తాడు. జూన్ ఆఖరుకి నీళ్ళలో పుట్టే పురుగులు తగ్గిపోయి, చెట్ల మీంచి రాలిపడే చీమలూ, నల్ల పెంకు పురుగులూ, ఆకుపచ్చ గొంగళ్ళే చేపలకి మేత అవుతాయి. చీమ రెండు, పెంకు పురుగు నాలుగు, ఎల్క్ హెయిర్ కాడిస్ రకం రెండు, మిస్టర్ రాపిడాన్ రకం రెండు, చాలు. ఈ చివరిది ఆ వాగు పేరుతోనే హ్యారీ మర్రే అనే వర్జీనియా ఆయన కట్టిన ఫ్లై. ఎగిసిపడే నీళ్ళలో కూడా మునగకుండా తేలుతుంది, ముసలి కళ్ళకి కూడా కనిపిస్తుంది. నీకు ఆ అవసరం ఇంకా లేదులే.

పార్కులో పోయే స్కైలైన్ డ్రైవ్ రోడ్డు మీద 52వ మైలు దాటాక మైలమ్ గ్యాప్ వస్తుంది. అక్కడ కారు ఆపి మిల్ ప్రాంగ్ దారి పట్టుకుని దిగితే రెండు మైళ్ళకి హూవర్ క్యాంపు. ప్రెసిడెంట్ హూవర్ 1929లో కట్టించుకున్నాడు. వాషింగ్టన్‌కి వంద మైళ్ళ లోపు ఉండాలి, దోమలు రానంత ఎత్తులో ఉండాలి, పక్కనే ట్రౌట్ అనే చన్నీటి చేపలుండే వాగు ఉండాలి అని మూడు షరతులు పెట్టి వెతికించాడట. మిగతా సంగతులు ఎలా ఉన్నా, చేపల విషయంలో మాత్రం ఆయనకి బుద్ధి ఉంది. అక్కడ మిల్ ప్రాంగ్, లారెల్ ప్రాంగ్ అని రెండు పాయలు కలిసి రాపిడాన్ అవుతాయి. ఆ కలిసే చోటి నుంచి మొదలుపెట్టి పైకి పోతూ పట్టు, కిందికి పోకు. చేప ఎప్పుడూ ప్రవాహానికి ఎదురుగా తల పెట్టి నిలబడుతుంది కాబట్టి వెనక నుంచి వెళ్తే నిన్ను చూడదు. జూన్‌లో నీళ్ళు తగ్గి గాజులా ఉంటాయి. మోకాళ్ళ మీద పాకు. నీ నీడ మడుగులో పడిందంటే ఆ మడుగుని ఇంక మర్చిపో. ఆ గులాబీ రంగు టీషర్టు వద్దు.

రాడ్ వెనక్కి విసరడానికి చోటుండదు, తల మీదంతా లారెల్ కొమ్మలే. ఫ్లైని వేళ్ళతో పట్టుకుని, రాడ్‌ని విల్లులా వంచి వదులు. మొదట్లో పది సార్లు చొక్కాకి గుచ్చుకుంటుంది. పదకొండోసారి పడుతుంది చూడు, అప్పుడు నాకు ఫోన్ చేయాలనిపిస్తుంది. అక్కడ సిగ్నల్ ఉండదు.

ఇప్పుడు అసలు సంగతి.

మీ తాతయ్య వరిచేను తవ్వించి చేపల చెరువు చేసిన రోజులు మీ అమ్మకి బాగా గుర్తుంటాయి. బొచ్చె, శీలావతి వేశాం. వేసవి వచ్చిందంటే ఇంట్లో ఎవరికీ సరిగ్గా నిద్ర ఉండేది కాదు. తెల్లారుజామున మూడు, నాలుగు గంటలకి నాన్న టార్చి లైటు వేసుకుని గట్టు మీద తిరిగేవాడు. చేపలు తలలు పైకి తేల్చి నోళ్ళు తెరుస్తున్నాయంటే నీళ్ళలో గాలి చాలడం లేదన్నమాట. వెంటనే డీజిల్ ఇంజన్ పెట్టి నీళ్ళు పైకి చిమ్మించేవాళ్ళం. పగలంతా నీటిలోని పచ్చ నాచు ఎండకి ఆక్సిజన్ వదులుతుంది. రాత్రంతా అదే నాచు మళ్ళీ దాన్ని పీల్చుకుంటుంది. అందుకని చెరువులో గండం తెల్లారుజామున. పొద్దెక్కితే గండం గడిచినట్టే. ఈ పాఠం నాకు ఒంట్లో ఇంకిపోయింది. ఎంతగా అంటే, అమెరికా వచ్చిన పన్నెండేళ్ళకి కూడా వదల్లేదు.

1999 జూన్ ఆఖరు. ఆ ఏడు వానలు సరిగ్గా లేవు. ఆఫీసులో నాకు ఫ్లై ఫిషింగ్ నేర్పిన పెద్దాయన ఒకాయన ఉండేవాడు. "ఈ ఎండల్లో పన్నెండు దాటాక వెళ్ళకు, థర్మామీటరు పట్టుకెళ్ళు" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. చేపల చెరువు గట్టు మీద పెరిగినవాణ్ణి, నాకు చెప్పేదేంటి అనుకున్నాను. పైగా వాగు నీళ్ళు రాళ్ళ మీద దూకుతూ నురగలు కక్కుతుంటే గాలికి లోటేంటి? మా వాడికి అప్పుడు తొమ్మిదేళ్ళు. వాణ్ణి తీసుకుని సాయంత్రం నాలుగింటికి వాగులో దిగాను.

గంటన్నర ఒక్క చేపా పడలేదు. అదే మొదటి హెచ్చరిక, నేను వినలేదు. తర్వాత ఒక మూల మడుగు కనిపించింది. బండ కింద నుంచి సన్నగా ఊట నీళ్ళు జారుతున్నాయి. అక్కడ చేపలు వరసగా, ఒకదాని మీద ఒకటి పడ్డట్టు నిలబడి ఉన్నాయి. నా జన్మలో అన్ని బ్రూక్ ట్రౌట్‌లు ఒకచోట చూడలేదు. అదృష్టం అనుకున్నాను. మొదటి ఫ్లైకే పది అంగుళాల చేప పడింది. ఆ వాగులో ఆరేడు అంగుళాలు మామూలు, పది అంటే మీసాలున్న మొనగాడు. దాన్ని పొడి చేతుల్తో పట్టుకున్నాను. మా వాడు నేనూ పట్టుకుంటానన్నాడు. వాడి చేతిలోంచి జారి రాళ్ళ మీద పడింది, మళ్ళీ తీశాం. కెమెరాలో రీలు తిరగలేదు, తిప్పాను. కొర్రమీను బుట్టలో గంటల తరబడి బతికుండడం చూసినవాణ్ణి కదా, రెండు మూడు నిమిషాలకి ఏమవుతుందిలే అనిపించింది. కొర్రమీను గాలి పీల్చుకుని బతకగలదు. ట్రౌట్ బతకలేదు. ఇది తెలియక కాదు, ఆ క్షణంలో గుర్తు రాలేదు. నీళ్ళలో వదిలితే తోక ఆడించి వెళ్ళిపోయింది. మేమిద్దరం చప్పట్లు కొట్టాం. అదే మడుగులో ఇంకో ఐదు పట్టాం. అన్నీ ఈదుకుంటూనే వెళ్ళాయి.

చీకటి పడుతుంటే అదే దారిన వెనక్కి వచ్చాం. మడుగు చివర, నీళ్ళు పలచబడే చోట, మూడు చేపలు వెల్లకిలా తేలుతున్నాయి. నారింజ రంగు పొట్టలు పైకి. పెద్దది వాటిలో ఉంది, పై పెదవి మీద నా కొక్కెం దెబ్బ చూసి గుర్తుపట్టాను. మా వాడు వాటిని లెక్కపెట్టాడు, ఏమీ అనలేదు. కారులో గంటసేపు అయ్యాక "మనం వదిలేశాం కదా నాన్నా?" అన్నాడు. నేను జవాబు చెప్పలేదు. వాడు గాలం వదిలేసింది పదో తరగతిలో అని పైన రాశాను. ఒక్కోసారి అనిపిస్తుంది, ఆ రోజే వదిలేశాడేమో అని.

ఆదివారం ఇండియాకి ఫోన్ చేసినప్పుడు నాన్నకి చెప్పాను. అప్పట్లో నిమిషానికి ఎంతో లెక్క చూసుకుంటూ మాట్లాడేవాళ్ళం. అంతా విని "చెరువుకి గండం తెల్లారుజామున రా. పారే నీటికి ఎప్పుడు గండమో అక్కడివాణ్ణి అడగాలి గానీ, నన్ను చూసి నేర్చుకుంటే ఎట్లా?" అన్నాడు. ఫోన్ పెట్టేశాక ఆ పెద్దాయన దగ్గరికి వెళ్ళి థర్మామీటరు ఎక్కడ దొరుకుతుందో అడిగాను.

నీకు అర్థమైందనుకుంటాను, అయినా చెబుతాను. వాగులో నాచు తక్కువ, నీళ్ళు దూకుతూనే ఉంటాయి. కాబట్టి రాత్రి గాలికి కరువు రాదు. అక్కడ అంతా వేడి మీదే ఆధారపడి ఉంటుంది. 10 డిగ్రీల సెల్సియస్ నీటిలో లీటరుకి 11 మిల్లీగ్రాముల దాకా ఆక్సిజన్ పడుతుంది, 20 డిగ్రీల్లో 9 మాత్రమే. ఆ రెండు మిల్లీగ్రాములేనా అనకు. నీళ్ళు వేడెక్కేకొద్దీ చేప ఒళ్ళూ వేడెక్కి దానికి కావలసిన ఆక్సిజన్ పెరుగుతుంది. ఆదాయం తగ్గింది, ఖర్చు పెరిగింది. ఆ పైన నువ్వు గాలం వేసి పరుగెత్తించావు. ఈదుకుంటూ వెళ్ళినంత మాత్రాన బతికినట్టు కాదు. వాగు అన్నిటికన్నా చల్లగా ఉండేది సూర్యుడు వచ్చే వేళకి, వేడిగా ఉండేది మధ్యాహ్నం మూడు నుంచి సాయంత్రం ఆరు దాకా. నీకు ఒంటికి చల్లగాలి తగిలినా నీళ్ళు ఇంకా చల్లారవు. నువ్వు రాసిన "ఎండ తగ్గాక" సరిగ్గా ఆ గంటలే.

మా రోజుల్లో ఆ వాగుల మీద హెమ్లాక్ చెట్ల నీడ ఉండేది, మిట్టమధ్యాహ్నం కూడా చీకటిగా. జపాన్ నుంచి వచ్చిన ఒక తెల్లటి బుల్లి పురుగు వాటిని పీల్చేసింది. ఇప్పుడు చాలాచోట్ల మోళ్ళే. కాబట్టి నేను చెప్పే పాత లెక్కల కన్నా నీళ్ళు త్వరగా వేడెక్కుతాయనుకో.

అందుకని శనివారం తెల్లారుజామున మూడున్నరకి యాష్‌బర్న్‌లో బయల్దేరు. నాకు తెలుసు, మీ ఐటీ వాళ్ళు శనివారం పదింటికి గానీ లేవరు. లేవలేకపోతే వెళ్ళకు. నీళ్ళ దగ్గరికి చేరగానే రాడ్ విప్పకముందు థర్మామీటరుని దారంతో నీళ్ళలో దించు. నీడలో, పారే చోట, రెండు నిమిషాలు. 60 ఫారన్‌హీట్ లోపు ఉంటే హాయిగా పట్టుకో. గంటకోసారి చూడు. 65 వచ్చిందంటే, అంటే 18 సెల్సియస్, ఆపేయి. పుస్తకాల్లో 68 అని కనిపిస్తుంది. అది బ్రౌన్, రెయిన్‌బో అనే వేరే ట్రౌట్ రకాల లెక్క. బ్రూక్ ట్రౌట్ వాటికన్నా సుకుమారం. పొద్దున్నే 64 ఉందంటే రాత్రి చల్లారలేదన్నమాట, రాడ్ విప్పకుండానే పులిహోర తిని వచ్చేయండి. వానల్లేని వేసవుల్లో పార్కు వాళ్ళే వాగులు మూసేస్తారు, బయల్దేరే ముందు రోజు వాళ్ళ సైట్ చూడు.

ఊట దగ్గర గుంపుగా చేపలు కనిపిస్తే దణ్ణం పెట్టి పక్కనుంచి పో. అది వాటి చలివేంద్రం. దాహానికి ఆగినవాడి జేబు కొట్టకూడదు. పడిన చేపని నీళ్ళలోనే ఉంచి, చెయ్యి తడుపుకుని, కొక్కెం తీసెయ్యి. ఫొటో కావాలంటే స్నేహితురాలు ముందే కెమెరా పట్టుకుని నిలబడాలి, చేప నీళ్ళ బయట ఉండేది నువ్వు ఊపిరి బిగబట్టగలిగినంతసేపు కూడా వద్దు.

పాముల సంగతి మీ అమ్మకి చెప్పకు. బండ మీద చెయ్యి వేసే ముందు అవతల ఏముందో చూడు. కాపర్‌హెడ్‌లు, గిలక పాములు ఎండ కాచుకుంటూ ఉంటాయి, వాటి జోలికి పోకపోతే మన జోలికి రావు. నాకు వాటికన్నా మబ్బంటే భయం. 1995 జూన్ 27న ఆ కొండల మీద కుంభవృష్టి కురిసి కొండచరియలు విరిగిపడ్డాయి. తర్వాత రాపిడాన్ చూస్తే నాకు తెలిసిన ఒక్క మడుగూ లేదు, బండలూ దుంగలూ తప్ప. చేపలు రెండు మూడేళ్ళలో తిరిగొచ్చాయి గానీ నా భయం పోలేదు. ఉరుము వినిపిస్తే, చేప గాలానికి ఉన్నా సరే, లైను తెంపేసి పైకి ఎక్కు. తిరిగి ఎక్కేదారి రెండు మైళ్ళని మర్చిపోకు, మనిషికి రెండు లీటర్ల నీళ్ళు. కారు దగ్గర సాక్సులు విప్పి గోమార్లు పాకుతున్నాయేమో చూసుకోండి.

ఈ కవరుతో నా థర్మామీటరు పంపుతున్నాను. గాజు మీద చిన్న గీత ఉంది గానీ అంకె సరిగ్గానే చూపిస్తుంది, మీ అత్తయ్య ఐసునీళ్ళలో పెట్టి చూసింది. దారం మాత్రం కొత్తది కట్టు. పులిహోర చేసి శుక్రవారం సాయంత్రం తెచ్చిస్తానంటోంది, ఎలాగూ నన్ను యాష్‌బర్న్ తీసుకెళ్ళడానికి వంక వెతుకుతోంది. నీ స్నేహితురాళ్ళలో వేరుశనగ పడనివాళ్ళెవరైనా ఉన్నారేమో కనుక్కుని చెప్పమంది.

నీ మావయ్య