2025 సీజన్‌లో లాంగ్‌హార్న్స్ అఫెన్స్: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఇవి 2025 సీజన్ మొదలవకముందు ఇచ్చిన జవాబులు. ఆ నెల డాలస్, ఆస్టిన్ వైపు నుంచి వచ్చిన ప్రశ్నల్లో సగానికి పైగా యూనివర్సిటీ ఆఫ్ టెక్సస్ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు లాంగ్‌హార్న్స్ గురించే. 2025 సీజన్‌లో మొదటి ఆట ఆగస్టు 30న, కొలంబస్‌లో, పోయినేడు ఛాంపియన్లయిన ఒహాయో స్టేట్ మీద. ఆలోగా అఫెన్స్ గురించి, అంటే బంతి మన చేతిలో ఉన్నప్పటి ఆట గురించి, అడిగిన వాటికి వరసగా జవాబులిస్తున్నాం.

ప్రశ్న: ఆర్చ్ మానింగ్ చేతికి జట్టు వచ్చేసింది. 2024లో సెమీఫైనల్ దాకా వెళ్లాం. ఈసారి కప్పు మనదేనని మా ఇంట్లో పిల్లలు తేల్చేశారు. అంత ఆశ పెట్టుకోవచ్చంటారా? (ఫ్రిస్కో నుంచి ఒక తండ్రి)

పెట్టుకోవచ్చండి. అయితే ఆ ఆశంతా ఆర్చ్ ఒక్కడి మీద మోపకండి.

క్వార్టర్‌బ్యాక్‌గా, అంటే బంతి విసిరేవాడిగా, కుర్రాడి చెయ్యి మంచిదే. పోయినేడు అప్పటి క్వార్టర్‌బ్యాక్ క్విన్ యూవర్స్ గాయపడినప్పుడు లూసియానా మన్రో మీద, మిసిసిపీ స్టేట్ మీద రెండు ఆటలు మొదటి నుంచీ ఆడాడు. సీజన్ మొత్తంలో 90 పాస్‌లు విసిరితే 61 అందాయి. 939 యార్డులు, 9 టచ్‌డౌన్లు, 2 ఇంటర్‌సెప్షన్లు (అవతలివాళ్ల చేతికి చిక్కిన పాస్‌లు). యూటీ శాన్ ఆంటోనియో మీద 67 యార్డులు తనే పరుగెత్తి టచ్‌డౌన్ కొట్టాడు. కానీ 90 పాస్‌లంటే మూడు ఆటల సరుకు. అందులోనూ ఎక్కువ భాగం బలహీనమైన జట్ల మీద విసిరినవే.

మా దిగులు అతని ముందు అడ్డుగా నిలబడే అయిదుగురి గురించి: మధ్యలో సెంటర్, అతనికి చెరోపక్కా గార్డ్‌లు, రెండు చివర్లా టాకిల్స్. 2024లో అఫెన్సివ్ లైన్‌లో ఆడిన అయిదుగురిలో నలుగురు వెళ్లిపోయారు. ఎడమ టాకిల్ కెల్విన్ బ్యాంక్స్ అవుట్‌లాండ్, లొంబార్డి ట్రోఫీలు రెండూ గెలిచినవాడు. ప్రొఫెషనల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్‌లోని సెయింట్స్ జట్టు అతన్ని డ్రాఫ్ట్‌లో 9వ పిక్‌గా తీసుకుంది. గార్డ్ హేడెన్ కానర్, సెంటర్ జేక్ మేజర్స్, కుడి టాకిల్ కామెరాన్ విలియమ్స్ కూడా లేరు. మిగిలింది కుడి గార్డ్ డీజే క్యాంప్‌బెల్. అంత గట్టి లైన్ ఉన్న ఏడాదే అక్టోబరులో ఆస్టిన్‌కి వచ్చిన జార్జియా 7 సాక్‌లు చేసి (బంతి విసరకముందే క్వార్టర్‌బ్యాక్‌ని పడగొట్టడం) 30-15తో గెలిచి వెళ్లింది.

మనం పేర్లు పెట్టి చెప్పుకునే గొప్ప అఫెన్స్‌లు ఒక్కసారి గుర్తు చేసుకోండి. 2019లో ఎల్ఎస్‌యూ (లూసియానా స్టేట్ యూనివర్సిటీ): జో బరో 60 టచ్‌డౌన్ పాస్‌లు విసిరాడు, జట్టు 15-0. 2020లో అలబామా: ఇప్పటి టెక్సస్ కోచ్ స్టీవ్ సార్కిసియనే అక్కడ ఏ ఎత్తు వేయాలో చెప్పేవాడు, అంతకుముందు మొదటి క్వార్టర్‌బ్యాక్ టువా వెనక కాచుకుని కూర్చున్న మ్యాక్ జోన్స్ విసిరినవాటిలో 77 శాతానికి పైగా అందాయి. 2023లో వాషింగ్టన్: మైకేల్ పెనిక్స్ జట్టును ఫైనల్ దాకా లాక్కెళ్లాడు. దేశంలోకెల్లా మంచి అఫెన్సివ్ లైన్‌కి ఇచ్చే జో మూర్ అవార్డు ఆ మూడేళ్లూ ఈ మూడు జట్లకే దక్కింది. జనానికి గుర్తున్నది మాత్రం క్వార్టర్‌బ్యాక్‌ల పేర్లే. ఆ వాషింగ్టన్ మరుసటి ఏడాది లైన్‌నీ, పెనిక్స్‌నీ, కోచ్‌నీ పోగొట్టుకుని 14-1 నుంచి 6-7కి జారిపోయింది.

టెక్సస్‌కి కోచ్ ఉన్నాడు, లైన్‌ని తయారుచేసే కైల్ ఫ్లడ్ ఉన్నాడు. ఎడమ టాకిల్‌గా రాబోతున్న ట్రెవర్ గూస్బీ, బ్యాంక్స్ గాయపడినప్పుడు జార్జియాతో జరిగిన ఎస్ఈసీ (టెక్సస్ ఆడే కాన్ఫరెన్స్) ఫైనల్‌లో ఆ స్థానంలో ఆడినవాడే. కోల్ హట్సన్ 2022లో మొదటి ఏడాది విద్యార్థిగా ఉండగానే గార్డ్‌గా ఆడాడు. కుడి టాకిల్ బ్రాండన్ బేకర్‌కే అనుభవం బాగా తక్కువ. అందుకని మా అంచనా ఇది: సెప్టెంబరు, అక్టోబరుల్లో ఈ అఫెన్స్ తడబడుతుంది. దాని అసలు రూపం నవంబరులో కనబడుతుంది. మొదటి ఆటలో 14 పాయింట్లకే ఆగిపోయినా కంగారు పడకండి.

ప్రశ్న: మా అబ్బాయి ఆస్టిన్‌లో ఎంఎస్ చదువుతున్నాడు. శనివారం వస్తే ఫోన్ ఎత్తడు, ఆట అంటాడు. ఈ అఫెన్స్ అంటే ఏమిటి? మేమూ చూడాలంటే ఎన్ని గంటలకు? (విజయవాడ నుంచి ఒక తల్లి)

బంతి చేతిలో ఉన్న జట్టే అఫెన్స్ అమ్మా. కబడ్డీలో రైడ్‌కి వెళ్లినవాళ్ల లాగ అనుకోండి, ఇక్కడ పదకొండు మందీ వెళ్తారు. 10 యార్డులు ముందుకు జరగడానికి నాలుగు అవకాశాలు, ఒక్కోదాన్నీ డౌన్ అంటారు. జరిగితే మళ్లీ నాలుగు కొత్తగా వస్తాయి, లేకపోతే బంతి అవతలి వాళ్లది. చివరి గీత దాటిస్తే టచ్‌డౌన్, 6 పాయింట్లు. పోస్టుల మధ్యనుంచి తన్నితే ఫీల్డ్ గోల్, 3 పాయింట్లు. వెనక నిలబడి బంతి అందుకుని, విసరాలా, పక్కవాడికివ్వాలా, తనే పరుగెత్తాలా అని తేల్చేవాడు క్వార్టర్‌బ్యాక్. అతని మీదికి ఎవరూ రాకుండా అడ్డం నిలబడే అయిదుగురు అఫెన్సివ్ లైన్.

ఒహాయో స్టేట్ ఆట మన టైము ప్రకారం ఆగస్టు 30 శనివారం రాత్రి 9:30కి మొదలవుతుంది. మూడున్నర గంటలు పడుతుంది. ఆ రాత్రి ఒంటి గంట దాకా అబ్బాయికి ఫోన్ చేయకండి.

ప్రశ్న: లైన్ చూడండి, లైన్ చూడండి అంటారు. నా కళ్లేమో బంతి వెంటే పోతాయి. వాళ్లు బాగా ఆడుతున్నారో లేదో టీవీలో ఎలా తెలుస్తుంది? (రౌండ్ రాక్)

మంచి ప్రశ్న. మొదటిసారి మామూలుగానే చూసేయండి. రికార్డు చేసుకుని, రెండోసారి ఒక్క క్వార్టర్ మాత్రం ఇలా చూడండి.

ముందు ఒక్కడిని ఎంచుకోండి. గూస్బీతో మొదలుపెట్టండి, ఎడమ చివర ఉంటాడు. సెంటర్ బంతిని వెనక్కి అందించి ఆట మొదలుపెట్టడాన్ని స్నాప్ అంటారు. వరసగా పది స్నాప్‌లు అతన్ని తప్ప ఎవరినీ చూడొద్దు. పాస్ వేసేటప్పుడు స్నాప్ పడగానే మనసులో తీరిగ్గా ఒకటి, రెండు, మూడు లెక్కపెట్టండి. మూడు పూర్తయ్యేదాకా అతను తన మనిషికీ ఆర్చ్‌కీ మధ్యనే ఉంటే పని అయినట్టే. ఆ తర్వాత కూడా బంతి చేతిలోనే ఉండిపోయి సాక్ పడితే తప్పు లైన్‌ది కాదు. క్వార్టర్‌బ్యాక్ ఆలస్యం చేశాడు, లేదా రిసీవర్లకు ఖాళీ దొరకలేదు.

మూడులోపే ఆర్చ్ మీద ఎవరైనా పడితే, ఎలా పడ్డారో చూడండి, ఎందుకంటే ఒక్కో తప్పుకి ఒక్కో మందు. అడ్డుకునేవాడు వెనక్కి వెనక్కి నెట్టబడి ఆర్చ్ ఒళ్లో పడితే అది నడుము ఎత్తిపెట్టి నిలబడడం వల్ల, బలం చాలక. టాకిల్ బయటి భుజం పక్కనుంచి డిఫెండర్ చుట్టి వస్తే అది కాళ్ల వేగం. ఇవి రెండూ సీజన్ మధ్యలో తేలిగ్గా బాగుపడవు. పక్కన టైట్ ఎండ్‌ని (అడ్డుకోవడమూ, పాస్ అందుకోవడమూ రెండూ చేసేవాడు) నిలబెట్టడమో, రన్నింగ్ బ్యాక్ (బంతి పట్టుకుని పరుగెత్తేవాడు) పోతూపోతూ ఆ డిఫెండర్‌కి ఒక భుజం తగిలించడమో చేయాలి. అలా సాయం పంపిన ప్రతిసారీ పాస్ అందుకోడానికి పరుగెత్తేవాళ్లు ఒకరు తగ్గుతారు.

మూడోది కొత్త లైన్‌లో ఎక్కువగా కనిపించే తప్పు. ఇద్దరు డిఫెండర్లు కత్తెర వేసినట్టు దారులు మార్చుకుంటారు, దాన్ని స్టంట్ అంటారు. గార్డూ టాకిలూ అప్పుడు తమ మనుషుల్ని ఒకరికొకరు అప్పగించుకోవాలి. అలవాటు లేని జంట ఇద్దరూ ఒకడి వెంటే పోతారు, రెండోవాడు తెరిచిన తలుపులోంచి వచ్చేస్తాడు. గుర్తు ఏమిటంటే, క్వార్టర్‌బ్యాక్ కింద పడి ఉంటాడు, పక్కనే ఒక లైన్‌మన్ ఖాళీ చేతులతో నిలబడి ఉంటాడు. చూడ్డానికి ఘోరంగా ఉంటుంది గానీ మూడింటిలో ఇదే తొందరగా బాగయ్యేది. అదే అయిదుగురు నాలుగైదు వారాలు మారకుండా ఆడితే చాలు. అందుకే గాయాల జాబితాలో రిసీవర్ పేరు కన్నా గార్డ్ పేరు కనబడితే ఎక్కువ దిగులు పడాలి.

ఇక అఫెన్స్ మొత్తానికి ఒక కాగితం లెక్క ఉంది. మొదటి డౌన్‌లో కావలసిన దూరంలో సగం వస్తే టిక్కు. రెండో డౌన్‌లో మిగిలిన దూరంలో 70 శాతం వస్తే టిక్కు. మూడు, నాలుగు డౌన్లలో మొత్తం రావాలి. అంటే మొదటి డౌన్ మీద 10కి 5 యార్డులు మంచివే, మూడో డౌన్ మీద 6 కావలసినచోట 5 వస్తే సున్నా. ఆట అయ్యాక టిక్కుల్ని మొత్తం ప్లేలతో భాగించండి. సగానికి దగ్గరగా వస్తే చాలా మంచి అఫెన్స్. మూడో వంతుకి దిగితే, రెండు పొడవాటి పాస్‌లు తగిలి గెలిచినా సరే, ఆ జట్టు మీద నమ్మకం పెట్టుకోకండి.

ప్రశ్న: పోయిన సెమీఫైనల్ కాటన్ బౌల్‌లో ఒక్క యార్డు దూరంలో ఆగిపోయాం. ఆ రాత్రి నిద్రపట్టలేదు. ఆ ఒక్క యార్డు ఎందుకు రాలేదు? మళ్లీ అదే జరగదని ఏమిటి నమ్మకం? (ఆస్టిన్ నుంచి ఒక విద్యార్థి)

2025 జనవరి 10, ఆర్లింగ్‌టన్. ఒహాయో స్టేట్ 21-14తో ముందుంది. ఆట ముగియడానికి నాలుగు నిమిషాలు కూడా లేవు, ఒక్క యార్డు దూరంలో మొదటి డౌన్. మొదటి పరుగు కదల్లేదు. రెండో డౌన్‌లో రన్నింగ్ బ్యాక్ క్వింట్రెవియన్ విస్నర్‌కి బంతిని పక్కకి టాస్ చేస్తే 7 యార్డులు వెనక్కి పోయింది. మూడో డౌన్ పాస్ అందలేదు. నాలుగో డౌన్‌లో ఒహాయో స్టేట్ డిఫెండర్ జాక్ సాయర్ యూవర్స్ చేతిలో బంతి ఊడగొట్టి 83 యార్డులు పరుగెత్తాడు.

కొంప ముంచింది రెండో డౌనే. గీత దగ్గర డిఫెన్స్‌కి వెనక కాపలా కాసుకోవలసిన నేల దాదాపు ఉండదు కాబట్టి అందరూ ముందుకి తోసుకొస్తారు. టాస్ వేస్తే బంతి ముందు వెనక్కీ పక్కకీ పోయి, ఆ తర్వాతే ముందుకి తిరగాలి. ఈలోగా ఒక్కడు అడ్డు తప్పించుకు వచ్చినా అంతే. ఒక్క యార్డు సమస్య ఎనిమిది యార్డుల సమస్య అయింది. ఎనిమిది యార్డులంటే పాసే వేస్తారని అవతలివాళ్లకీ తెలుసు.

ఈసారి నమ్మకానికి ఒక గట్టి కారణం ఉంది. క్వార్టర్‌బ్యాక్ బంతిని వేరేవాడి చేతికిచ్చేస్తే తనిక ఆటలో లేనట్టే, పదిమంది పదకొండు మందితో తలపడతారు. తనే పరుగెత్తితే రన్నింగ్ బ్యాక్ అడ్డుకునేవాడవుతాడు, లెక్క సరిపోతుంది. యూవర్స్‌తో ఆ పని జరగలేదు. ఆరడుగుల నాలుగంగుళాల ఆర్చ్‌తో జరుగుతుంది. సెంటర్ వెనకే నిలబడి బంతి తీసుకుని నేరుగా తోసుకుపోయే స్నీక్ కూడా ఉంది. పోతే, అతన్ని ఆట మధ్యలో పదిసార్లు పరుగెత్తించి గాయం తెచ్చుకోవడం తెలివితక్కువ. అయిదు యార్డుల లోపల, మూడో డౌన్ మీద, అంతే. అక్కడ కూడా టాస్‌లే వేస్తుంటే మాత్రం కోచ్ పాఠం నేర్చుకోలేదనుకోవాలి.

ప్రశ్న: రిసీవర్ మాథ్యూ గోల్డెన్ ఎన్ఎఫ్ఎల్‌లో ప్యాకర్స్‌కి వెళ్లిపోయాడు. ఇక ఎవరికి విసురుతారు? (ప్లేనో)

ర్యాన్ వింగో, డియాండ్రే మూర్ ఉన్నారు, స్టాన్‌ఫర్డ్ నుంచి ఎమ్మెట్ మోస్లీ వచ్చాడు. ఇక్కడ మాకు బెంగ లేదు. నిజమైన ఖాళీ టైట్ ఎండ్ గన్నర్ హెల్మ్‌ది. పోయినేడు 60 క్యాచ్‌లు, 786 యార్డులు, 7 టచ్‌డౌన్లు. కంగారులో ఉన్న క్వార్టర్‌బ్యాక్‌కి దగ్గర్లో కనబడే పెద్ద చేతులవి. ఆ చోటుకి క్యాల్ (బర్కిలీలోని కాలిఫోర్నియా యూనివర్సిటీ) నుంచి జాక్ ఎండ్రీస్‌ని తెచ్చారు. పరుగులో విస్నర్ పోయినేడు 1,064 యార్డులు చేశాడు. మోకాలి గాయంతో 2024 మొత్తం పోగొట్టుకున్న సీజే బాక్స్టర్ తిరిగి వస్తున్నాడు.

ప్రశ్న: లైన్ అంత బలహీనమైతే ట్రాన్స్‌ఫర్ పోర్టల్‌లో (యూనివర్సిటీ మారాలనుకునే ఆటగాళ్ల జాబితా) టాకిల్స్‌ని కొనేస్తే పోయేది కదా? డబ్బుకి కొదవా? (అర్వింగ్)

2025 జులై 1 నుంచి యూనివర్సిటీలే ఆటగాళ్లకు నేరుగా డబ్బివ్వచ్చు. అన్ని క్రీడలకూ కలిపి 2025-26 ఏడాదికి దాదాపు 2.05 కోట్ల డాలర్లు హద్దు. డబ్బు ఉన్నా టైము కుదరాలి. పోర్టల్ 2024 డిసెంబరు 9 నుంచి 28 దాకా, మళ్లీ 2025 ఏప్రిల్ 16 నుంచి 25 దాకా తెరిచారు. ఏప్రిల్‌లో వచ్చినవాడికి వసంతకాలపు 15 ప్రాక్టీసులు పోయినట్టే. రిసీవర్ దాన్ని ఆగస్టులో పూడ్చుకుంటాడు. లైన్‌మన్‌కి పక్కవాడి అడుగు తన అడుగులా తెలియాలి, ఆ 15 రోజులే వాళ్లకి ప్రాణం. అందుకే ఇంట్లో పెరిగినవాళ్లనే నిలబెట్టాలన్న నిర్ణయం మాకు సబబుగానే తోస్తోంది. వసంతకాలపు ప్రదర్శన ఆట ఈ ఏడాది రద్దయింది కాబట్టి ఆ అయిదుగురూ కలిసి ఆడడం మనమెవరమూ ఇంకా చూడలేదు.

ప్రశ్న: మొదటిసారి స్టేడియంకి వెళ్తున్నాను. అరవడానికి ఏమైనా పద్ధతి ఉందా? (ఆస్టిన్‌కి కొత్తగా వచ్చిన విద్యార్థిని)

ఉందమ్మా, క్రికెట్‌కి వెళ్లొచ్చిన మనవాళ్లు తరచూ పొరబడేది అక్కడే. బంతి మన చేతిలో ఉన్నప్పుడు అరవకూడదు. ఆర్చ్ గీత దగ్గరికి వచ్చి డిఫెన్స్‌ని చూసి నోటితో మార్పులు చెబుతాడు, అవి లైన్‌కి వినబడాలి. హెల్మెట్‌లో కోచ్ మాట కూడా ప్లే క్లాక్‌లో (స్నాప్ చేయడానికి ఇచ్చిన గడువు చూపే గడియారం) 15 సెకన్లు మిగలగానే ఆగిపోతుంది, ఆ తర్వాత అంతా అతని గొంతే. జట్టు గీత దగ్గర కుదురుకున్నప్పటి నుంచి స్నాప్ దాకా నోరు మూసుకోండి. అవతలి జట్టు చేతిలో బంతి ఉన్నప్పుడు గొంతు పోయేదాకా అరవండి.

ఒహాయోలో లక్షమంది మన మీద ఇదే చేస్తారు. అప్పుడు సైలెంట్ కౌంట్ వాడతారు: గార్డ్ వెనక్కి తిరిగి ఆర్చ్ సైగ చూసి సెంటర్‌ని తడతాడు, సెంటర్ తల ఎత్తి దించి స్నాప్ చేస్తాడు. టాకిల్స్ బంతిని కళ్లతో చూసి కదలాలి, అందుకే అర సెకను వెనకబడతారు, లేదా తొందరపడి ముందే కదిలి 5 యార్డులు పోగొడతారు. సెంటర్ ప్రతిసారీ ఒకే లయలో తల ఆడిస్తే డిఫెన్స్ ఆ లయ పట్టేస్తుంది, కాబట్టి మారుస్తుండాలి.

ఆస్టిన్‌లో మొదటి ఆట సెప్టెంబరు 6న, శాన్ హోసే స్టేట్‌తో. ఈ అలవాటు ఆ రోజే చేసుకోండి. అక్టోబరు 11న డాలస్ ఫెయిర్ పార్క్‌లో ఓక్లహోమాతో ఆడేటప్పుడు స్టేడియం సగం వాళ్లది, సగం మనది. మన సగం ఊరుకుంటేనే ఆర్చ్ మాట గూస్బీ చెవిన పడుతుంది.