గుర్రం ఒకటే, జీనులు రెండు

ప్రశ్న: మా అమ్మాయి డల్లాస్‌లో ఏడాదిపాటు వెస్టర్న్ పద్ధతిలో గుర్రపుస్వారీ నేర్చుకుంది. సెలవులకు హైదరాబాద్ వచ్చి క్లబ్బులో చేరితే ఇంగ్లిష్ జీను వేసిచ్చారు. ట్రాట్‌లో (నడకకూ పరుగుకూ నడుమ వేగంలో) ఎగిరెగిరి పడింది, ఆపబోతే గుర్రం ఇంకా వేగం పెంచిందట. నేర్చుకున్నదంతా వృథాయేనా?
- ఒక తల్లి, సికింద్రాబాద్

జవాబు: వృథా కాదు. తప్పు గుర్రానిదీ కాదు. ఎగిరిపడేటప్పుడు మీ అమ్మాయి పిక్కలతో గుర్రాన్ని గట్టిగా పట్టుకుని ఉంటుంది. పిక్క నొక్కితే గుర్రానికి అర్థమయ్యేది 'పద' అనే. కాళ్లు బిగిసేకొద్దీ అది పరుగు పెంచుతుంది.

వెస్టర్న్ జీను పశువుల కాపరుల పనిముట్టు. మెక్సికో కాపరులైన వాకేరోల నుంచి అమెరికా కౌబాయ్‌లకు వచ్చింది. ముందున్న కొమ్ము చేత్తో పట్టుకోవడానికని చాలామంది అనుకుంటారు. అది ఉన్నది దూడకు వేసిన తాడును చుట్టడానికి. ఆ లాగుడును తట్టుకోవాలి, మనిషి రోజంతా కూర్చోవాలి. అందుకే వెనక ఎత్తుగా, అడుగున వెడల్పుగా ఉండి 12 నుంచి 18 కిలోల దాకా తూగుతుంది. వేటకూ కంచెలు దూకడానికీ పనికొచ్చే ఇంగ్లిష్ జీను 5 నుంచి 8 కిలోలే. దానిమీద కూర్చున్నవాళ్లకు ఆసరా తమ సమతూకమే.

పాదం పెట్టే రికాబు పొడవు ముందు సరిచూడండి. వేలికొసలు జీను దగ్గర రికాబు పట్టీ మొదట్లో ఆనించి చెయ్యి చాపితే రికాబు చంకకు అందాలి. వెస్టర్న్‌లో అలవాటైన పొడవు ఉంచితే పైకి లేవలేరు. అక్కడి ట్రాట్‌ను జాగ్ అంటారు, నెమ్మదిగా సాగుతుంది కాబట్టి కూర్చునే ఉండవచ్చు. ఇక్కడి ట్రాట్ పెద్ద అంగలది. ఒక అడుగుకు లేచి, మరో అడుగుకు కూర్చోవాలి. వలయంలో తిరిగేటప్పుడు గుర్రం బయటివైపు భుజం ముందుకు కదలగానే లేవడం పద్ధతి. ముందు నిలబెట్టిన గుర్రంమీద ఓ 20 సార్లు, ఆపైన నడకలో, చివరికి ట్రాట్‌లో సాధన చేయించండి. పగ్గాలు పట్టుకుని వేలాడకుండా, పట్టుకోవడానికి గుర్రానికి మెడపట్టీ కట్టించండి.

పగ్గాల సంగతి మరీ ముఖ్యం. వెస్టర్న్‌లో ఒక చేత్తో వదులుగా పట్టుకుంటారు. కుడి పగ్గం మెడకు తగిలితే గుర్రం ఎడమకు తిరుగుతుంది. ఇంగ్లిష్ పద్ధతి గుర్రంమీద అదే చేస్తే కుడి పగ్గం బిగిసి నోరు కుడికి లాగుతుంది, పాపం అది తికమకపడుతుంది. రెండు చేతులతో పట్టుకోవాలి. మోచేతి నుంచి నోటి కళ్లెం దాకా ఒకే గీతలా ఉండాలి. స్పర్శ తెగకూడదు, లాగుడు ఉండకూడదు.

ప్రశ్న: మా తోటలో కాఠియావాడీ జాతి గుర్రం ఉంది. వెస్టర్న్ జీను తెప్పించాను. మెడ, వీపు కలిసేచోట ఎత్తుగా ఉండే ఎముకకు రెండు పక్కలా తెల్లవెంట్రుకలు వస్తున్నాయి. దళసరి ప్యాడ్ వేస్తే సరిపోతుందా?
- ఒక రైతు, గుంటూరు జిల్లా

జవాబు: సరిపోదు, ఇంకా హాని. రెండు పక్కలా తెల్లబడిందంటే జీను లోపలి చట్రం ఇరుకై నొక్కుతోంది. ఇరుకు బూట్లలో మందపు మేజోళ్లు తొడిగితే ఏమవుతుందో ఇక్కడా అంతే. ఎముక మీదనే తెల్లబడితే చట్రం మరీ వెడల్పై కిందికి దిగిందని అర్థం. అమెరికా జీనులు ఎక్కువగా అక్కడి క్వార్టర్ జాతి గుర్రాల వీపును చూసి చేసినవే. మన గుర్రానికి కొలవకుండా కొనడం జూదమే.

చర్మం మానేదాకా స్వారీ ఆపండి. తర్వాత ప్యాడ్ లేకుండా జీనును కాస్త ముందుపెట్టి వెనక్కి జరపండి, భుజం ఎముక వెనక అదే ఆగుతుంది. మనిషి కూర్చున్నాక కూడా ఎత్తు ఎముకపైన 2, 3 వేళ్ల సందు మిగలాలి. చెయ్యి జీను కిందుగా ముందునుంచి వెనక్కి జరిపితే అంతటా ఒకేలా తగలాలి. నడుమ ఖాళీ ఉంటే బరువంతా రెండు కొసలమీదే పడుతుంది. అలాంటిదాన్ని వాడకండి.

ప్రశ్న: పొట్టకింది పట్టీ బిగించినా, ఎక్కగానే జీను పక్కకు జారుతోంది.
- ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: బిగించేటప్పుడు గుర్రం పొట్ట బిగబట్టి, తర్వాత వదులుతుంది. ఒక్కసారే బిగించకండి. మొదట వదులుగా కట్టి నాలుగడుగులు నడిపించి ఇంకో రంధ్రం పైకి లాగండి. ఎక్కి 5 నిమిషాలయ్యాక మళ్లీ చూడండి. గుర్రం ముంగాలి వెనక, పట్టీ కిందకు రెండు వేళ్లు దూరేంత చాలు. నేలమీదనుంచి రికాబును లాగుతూ ఎక్కకుండా ఎత్తు బల్ల వాడండి.