బీటిల్‌కు జంట కార్బ్యురేటర్లు అవసరమా?

ప్రశ్న: మా 1972 ఫోక్స్‌వాగన్ బీటిల్ 1600 సీసీ ఇంజన్, యాక్సిలరేటర్ నొక్కగానే క్షణంపాటు తడబడుతోంది. ఇప్పుడున్న సోలెక్స్ 34 పిక్ట్-3 కార్బ్యురేటర్ (పెట్రోలును గాలితో కలిపి ఇంజన్‌కు పంపే భాగం) తీసేసి జంట వెబర్ కార్బ్యురేటర్లు వేయించవచ్చా?
– ఒక పాఠకుడు, గాజువాక, విశాఖపట్నం

జవాబు: తొందరపడకండి. ఇంజన్ ఆపి, ఎయిర్ క్లీనర్ తీసి, కార్బ్యురేటర్‌లో గాలిని నియంత్రించే థ్రాటిల్ తిప్పండి. లోపల సన్నని పెట్రోలు ధార పడకపోతే యాక్సిలరేటర్ పంపు (పెడల్ నొక్కగానే అదనపు పెట్రోలు చిమ్మేది) డయాఫ్రం అనే పలుచని పొర పాడై ఉండవచ్చు. ధార బాగానే ఉంటే, థ్రాటిల్ షాఫ్టు అరిగి పక్కనుంచి గాలి పీలుస్తోందేమో, ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్‌కు వాక్యూమ్ అడ్వాన్స్ (ఇంజన్ పీల్పును బట్టి నిప్పురవ్వను ముందుకు జరిపే అమరిక) ఉందో లేదో చూపించండి. వాక్యూమ్ లేని 009 రకం డిస్ట్రిబ్యూటర్‌తో ఈ సోలెక్స్‌కు అసలు పొసగదు. జంట వెబర్ల పూర్తి ఫలితం కామ్‌షాఫ్టు (వాల్వులను తెరిచే ఇరుసు), ఎగ్జాస్టు కూడా మార్చిన ఇంజన్‌కే దక్కుతుంది, పైగా రెండింటినీ సమంగా నడిపించడం ఓపికతో కూడిన పని. జంటకు బదులు మధ్యలో ఒకే ప్రోగ్రెసివ్ వెబర్ (రెండు నోళ్లు ఒకదాని తర్వాత ఒకటి తెరుచుకునే కార్బ్యురేటర్) పెడితే, మిశ్రమాన్ని సిలిండర్లకు చేర్చే మానిఫోల్డును వేడిచేసే గొట్టం మసితో పూడి ఉన్నప్పుడు చలికాలపు అరకు ఘాట్‌లో ఇబ్బంది తప్పదు. నా మాట వింటే సోలెక్స్‌కే, థ్రాటిల్ షాఫ్టు తిరిగే చోట కొత్త బుష్‌లు వేయించండి. జెట్టు (పెట్రోలు వచ్చే సన్నని రంధ్రమున్న ముక్క) మార్చినప్పుడు ప్లగ్గు తెల్లబారితే మిశ్రమంలో పెట్రోలు తగ్గి పలచనైందని అర్థం. గాలితోనే చల్లబడే ఇంజన్‌లో దానివల్ల ఎగ్జాస్టు వాల్వులు కాలిపోవచ్చు.