నూనెల మీద డాలర్లు పొయ్యకు, ముందు కడుపు నిండా తిను

చెల్లీ, దువ్వెన పెడితే చాలు కుచ్చులు కుచ్చులుగా జుట్టు వస్తోందని, డాలస్ నీళ్లు పడలేదని, షవర్‌కి ఫిల్టర్ కొనాలా అని అడిగావు. కొనకు. కూకట్‌పల్లి బోరు నీళ్లతో, ఎండాకాలం ట్యాంకర్ నీళ్లతో పెరిగిన జుట్టు నీది. ఉప్పు నీళ్లకి వెంట్రుక గరుకెక్కుతుంది, చిట్లుతుంది, అంతేగానీ కుదుళ్లతో సహా ఊడిరాదు. రోజుకి 50 నుంచి 100 వెంట్రుకలు ఎవరికైనా రాలతాయి. అంతకు మించి రాలుతుంటే కారణం చాలాసార్లు రెండు మూడు నెలల వెనక ఉంటుంది. జ్వరమో, తిండి తగ్గడమో, ఒక్కసారిగా బరువు తగ్గడమో, పెద్ద టెన్షనో, ఏదైనా సరే జుట్టులో కనిపించేది అంత ఆలస్యంగానే. నువ్వొచ్చి మూడు నెలలన్నావు కదా, అంటే వీసా కోసం నిద్రలు మానుకున్న రోజుల ఫలితం ఇప్పుడు నీ దువ్వెనలో ఉందన్నమాట.

ఇక అసలు సంగతి, డబ్బు. ఇప్పుడొచ్చే పిల్లలు రీల్స్ చూసి నూనెలు ఆర్డర్ పెడతారు గానీ కడుపులో ఏం పడుతోందో చూసుకోరు. నేనూ కొత్తలో అలాగే ఉన్నాను. దిల్‌సుఖ్‌నగర్‌లో నాన్న నా లోను వడ్డీ కడుతుంటే నాకిక్కడ గుడ్లు కొనడానికి చెయ్యాడేది కాదు, ప్రతి డాలరూ రూపాయల్లోకి మార్చి చూసుకునేదాన్ని. పొద్దున బ్రెడ్డు, మధ్యాహ్నం నూడుల్స్, రాత్రి పెరుగన్నంలో ఆవకాయ, ఆకలేసినప్పుడల్లా టీ. అలా మిగిల్చిన డబ్బంతా జుట్టు పల్చబడగానే సీరమ్‌లకి, జుట్టుకి మంచిదని అమ్మే బయోటిన్ అనే విటమిన్ గమ్మీలకి పోసేశాను. చివరికి యూనివర్సిటీ హెల్త్ సెంటర్లో రక్తపరీక్ష చేస్తే ఫెర్రిటిన్, అంటే ఒంట్లో ఐరన్ నిల్వ, బాగా తక్కువని తేలింది. డాక్టర్ చెప్పిన ఐరన్ మాత్రలు వేసుకుంటూ, పప్పు, గుడ్లు, మాంసం తింటూ, టీని భోజనానికి దూరంగా జరిపి, అన్నంలో నిమ్మకాయ పిండుకుంటూ నెలల తరబడి ఆగితే పాపిడి దగ్గర చిన్న చిన్న వెంట్రుకలు మొలిచాయి. జుట్టు నెలకి సుమారు ఒక సెంటీమీటరే పెరుగుతుంది, ఏ నూనె రాసినా దాని వేగం దానిదే. లోను తీర్చాను, ఇల్లు కొన్నాను, పిల్లల్ని పెంచుతున్నాను. ఇవేవీ గుడ్ల మీద మిగిల్చిన డాలర్లతో జరగలేదమ్మా.

బయోటిన్ వేసుకుంటుంటే ఆ మాట డాక్టర్‌కి తప్పకుండా చెప్పు, థైరాయిడ్ పరీక్ష ఫలితాన్ని అది తారుమారు చెయ్యగలదు. లోపం లేనివాళ్లకి దానివల్ల పెద్దగా ఒరిగేదీ లేదు.

ఇంటి వైద్యం వద్దనను, మా ఇంట్లో ఇప్పటికీ ఆదివారం తలంటే. కానీ ఏది దేనికో తెలుసుకుని చెయ్యి. కొబ్బరినూనె వెంట్రుక లోపలికి ఇంకి, తలస్నానంలో ప్రోటీన్ పోకుండా ఆపుతుంది. ఉన్న జుట్టు విరగదు, కొత్తది మొలవదు. స్నానానికి గంట ముందు పెట్టుకుంటే చాలు. చుండ్రు ఉంటే మాత్రం నూనె ముట్టుకోకు, దానికి కారణమైన ఫంగస్ బతికేదే ఆ జిడ్డు మీద. కీటోకొనజోల్ 1 శాతం షాంపూ ఇక్కడ చీటీ లేకుండానే దొరుకుతుంది, రాసి ఐదు నిమిషాలు ఉంచి కడుగు. నిమ్మరసం మాడుకి రాస్తే మంటే మిగులుతుంది. ఉల్లిరసం మీద 2002లో ఒక చిన్న అధ్యయనం వచ్చిన మాట నిజమే, అది పేనుకొరుకుడుకి, నీలా పల్చబడినవాళ్లకి కాదు. పైగా కార్పెట్ ఉన్న షేరింగ్ ఫ్లాట్‌లో ఆ వాసన మీ రూమ్మేట్లు భరించలేరు. రోజ్‌మేరీ నూనెని జుట్టు మొలవడానికి తలకి రాసే 2 శాతం మినాక్సిడిల్ మందుతో పోల్చి చూశారు, 2015లో. ఆరు నెలలకి రెండూ ఇంచుమించు ఒకేలా పనిచేశాయి. వాడాలనుకుంటే కొబ్బరినూనెలో కొన్ని చుక్కలు కలుపు, నేరుగా రాస్తే చర్మం పొక్కుతుంది.

కుంకుడుకాయలు మాత్రం జాగ్రత్త. గింజ తీసి, వేడినీళ్లలో నానేసి, చేత్తో పిసికి నురగ తీస్తాం కదా, ఆ పిప్పిని పల్చటి గుడ్డలో వడకట్టి చెత్తబుట్టలో వెయ్యి. మా పాత అపార్ట్‌మెంట్‌లో పిప్పీ జుట్టూ కలిసి టబ్బు తూము మూసుకుపోతే, ప్లంబర్ బిల్లు నా అద్దెలో కలిపేశారు. ఆ డబ్బుతో నెలకి సరిపడా పప్పులు వచ్చేవి. పొడైతే ఇండియన్ స్టోర్లో రీఠా అని అడుగు. పచ్చి కరివేపాకు అమ్మ చేత తెప్పించకు, కస్టమ్స్‌లో తీసేస్తారు. మిగతా నియమాలు వాళ్ల సైట్‌లోనే ఉంటాయి.

పాపిడి వెడల్పవుతూ పోతుంటే, లేదా నాణెమంత ఖాళీ కనిపిస్తే, హైదరాబాద్ వెళ్లినప్పుడు చూపించుకుందాంలే అని ఆగకు. బంజారాహిల్స్‌లో చవకగా అవుతుందని ఏడాది ఆగితే ఈలోపు జుట్టు పోతుంది. ముందు హెల్త్ సెంటర్‌కి ఫోన్ చేసి సీబీసీ (రక్తకణాల లెక్క), ఫెర్రిటిన్, థైరాయిడ్, విటమిన్ డి పరీక్షలకి నీ ఇన్సూరెన్స్ ఎంత ఇస్తుందో, నీ చేతి నుంచి ఎంత పడుతుందో అడిగి, ఆ తర్వాతే రక్తం ఇవ్వు.