మాయ లాగించాం, ఇప్పుడు తీగల్లో చీము

ప్రశ్న: మా ఆవు ఈని 45 రోజులైంది. మాయ పడకపోతే మర్నాడు చేత్తో లాగించాం. నిన్న ఎదకు వచ్చింది. తీగల్లో (ఎదలో మానం నుంచి జారే జిగురులో) తెల్లటి చీము చారలున్నాయి. జ్వరం లేదు, మేత బాగానే తింటోంది. సెమన్ వేయించవచ్చా?

జవాబు: వేయించకండి. ఎద తీగ గాజులా తేటగా ఉండాలి. ఈనిన 3 వారాల తర్వాత కూడా చీము పడుతోందంటే గర్భసంచి లోపొర వాచినట్టే. మేత మేస్తుంది, పాలిస్తుంది కాబట్టి చాలామంది దీన్ని పట్టించుకోరు. ఆ చీములో వీర్యకణాలు సరిగా బతకవు, పిండం ఏర్పడినా నిలవదు. ఆవు పొర్లుతూనే (చూలు నిలవక మళ్లీ మళ్లీ ఎదకు వస్తూనే) ఉంటుంది.

పశువైద్యుడు పరీక్షించి సాధారణంగా ప్రోస్టాగ్లాండిన్ అనే హార్మోన్ సూది వేస్తారు. డైనోప్రోస్ట్ అయితే 25 మిల్లీగ్రాములు, క్లోప్రోస్టెనాల్ అయితే 500 మైక్రోగ్రాములు, కండకు. ఇది సూక్ష్మజీవులను చంపే మందు కాదు. అండాశయం మీది కార్పస్ లూటియంను (అండం విడుదలైన చోట ఏర్పడి, తర్వాతి ఎదను ఆపి ఉంచే పసుపు గడ్డను) కరిగించి, 2 నుంచి 5 రోజుల్లో ఆవును ఎదకు తెస్తుంది. అప్పుడు గర్భసంచి ముఖద్వారం తెరుచుకుని చీము బయటికి పోతుంది. అయితే ఎద వచ్చిన 5 రోజుల దాకా కార్పస్ లూటియం ఈ మందుకు లొంగదు. మీ ఆవుకు ఇవాళ వేయిస్తే సూది దండగే. 8 నుంచి 10 రోజులు ఆగి వేయించండి. ఆ ఎదలో చీము పోనిచ్చి, తర్వాతి ఎదలో తీగ తేటగా ఉంటేనే సెమన్. ఇంకా చీము ఉంటే మళ్లీ చూపించండి. చూడి పశువుకు ఈ సూది పడితే ఈసుకుపోతుంది (గర్భం పోతుంది). మందు చర్మం గుండా ఒంట్లోకి ఇంకుతుంది కాబట్టి గర్భిణులు, ఉబ్బసం ఉన్నవాళ్లు ముట్టుకోకూడదు.

అసలు తప్పు మాయ దగ్గర జరిగింది. వందకు అటూ ఇటూగా ఉండే బొడిపెల దగ్గర మాయ గర్భసంచిని పట్టుకుని ఉంటుంది. బలవంతంగా లాగితే చిరిగి ముక్కలు లోపలే మిగులుతాయి, లోపొర గాయపడుతుంది. ముందు ఈ.కోలై చేరి దారి చేస్తే, వెనకాలే ట్రూపెరెల్లా, ఫ్యూసోబ్యాక్టీరియం అనే సూక్ష్మజీవులు వచ్చి చీము పట్టిస్తాయి. ఈసారి 24 గంటలు దాటినా మాయ పడకపోతే లాగకండి, బరువులు కట్టకండి. నేలకు తగిలేంత వేలాడితే ఆ మేరకు కత్తిరించండి. 10 రోజులపాటు రోజూ థర్మామీటరు పెట్టి చూడండి. జ్వరం 103 ఫారెన్‌హీట్ దాటి, ఎర్రటి నీళ్లలాంటి మైల (ఈనిన తర్వాత కారే స్రావం) కుళ్లు కంపు కొడితే అదే రోజు వైద్యుణ్ణి పిలవండి. అప్పుడు గర్భసంచిలో బిళ్లలు పెట్టి ఊరుకుంటే చాలదు, ఒంటికి యాంటీబయాటిక్ పడాలి. ఎన్నాళ్లు పాలు వాడకూడదో అడిగి తెలుసుకోండి.

ప్రశ్న: మా మరో ఆవు 7వ నెలలో ఈసుకుపోయింది. మాయ చేత్తోనే తీసి పారేశాం. మిగతా పశువులకు ప్రమాదమా?

జవాబు: పశువులు ఈసుకుపోయేలా చేసే బ్రూసెల్లోసిస్ అనే అంటురోగం అయి ఉండొచ్చు. ఇది మనుషులకూ అంటుతుంది. మాయ తీసినవాళ్లకు విడవకుండా జ్వరం, రాత్రిళ్లు చెమటలు, కీళ్ల నొప్పులు వస్తే, ఈ సంగతి వైద్యుడికి తప్పకుండా చెప్పాలి. పారేసిన మాయను, పిండాన్ని చేతి తొడుగులు వేసుకుని, కుక్కలు తవ్వలేనంత లోతు గోతిలో సున్నం చల్లి పూడ్చండి. ఆవును విడిగా కట్టి రక్తపరీక్ష చేయించండి. పాలు కాచకుండా తాగకండి. టీకా 4 నుంచి 8 నెలల ఆడ దూడలకే వేయాలి, రోగం పట్టిన ఆవుకు అది పనిచేయదు.