ఇంటెమ్ సమయం పెరిగింది, గడ్డ మాత్రం గట్టిగా ఉంది: ప్లాస్మా ఎక్కించాలా?

ఇంటెమ్ సమయం పెరగడానికి కారణం చాలావరకు హెపారినే (రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందు). నల్లగొండ ఐసీయూలో హెపారిన్ మీదున్న తీవ్ర కోవిడ్ రోగికి ప్లాస్మా ఎక్కించాలా అని ఒకరు అడిగారు. రక్తం గడ్డకట్టే తీరును కొలిచే రోటెమ్ పరీక్షలో (ఇంటెమ్, ఎక్స్‌టెమ్, ఫిబ్‌టెమ్, హెప్టెమ్ అందులోని విడి పరీక్షలు) ఇంటెమ్ గడ్డకట్టే సమయం 310 సెకన్లు, ఎక్స్‌టెమ్ మామూలు, గడ్డ గట్టిదనం చూపే ఫిబ్‌టెమ్ 34 మిల్లీమీటర్లు అన్నారు. రక్తస్రావం లేనప్పుడు ఈ అంకెలను బట్టి ప్లాస్మా అడగవద్దు.

1. రక్తం ఎక్కడి నుంచి తీశారు? చాలామంది వదిలేసేది ఇదే. ధమనిలోని గొట్టాన్ని హెపారిన్ సెలైన్‌తో కడుగుతుంటే, అందులో మిగిలిన కాస్త హెపారిన్ చాలు ఇంటెమ్ సమయం పెరగడానికి. హెపారిన్ ఎక్కని చేతి సిర నుంచి మళ్లీ తీయండి. సిట్రేట్ ట్యూబు (రక్తం గడ్డకట్టకుండా ఆపే ద్రవం ఉన్నది) గీత వరకు నిండాలి. సగమే నిండితే రక్తంతో పోలిస్తే సిట్రేట్ వాటా ఎక్కువై సమయం ఇంకా పెరుగుతుంది. నెమ్మదిగా తలకిందులు చేయండి, కుదపవద్దు.

2. ఆ నమూనాతోనే ఇంటెమ్, హెప్టెమ్ పక్కపక్కన నడపండి. హెప్టెమ్‌లో హెపారిన్‌ను విరగ్గొట్టే ఎంజైము ఉంటుంది. అక్కడ సమయం తగ్గితే హెపారిన్ ప్రభావమే. రెండూ పెరిగితే గడ్డకట్టే కారకాల లోపమో, కోవిడ్‌లో తరచూ కనిపించే లూపస్ యాంటీకోయాగ్యులెంటో (ఒక రకం యాంటీబాడీ) చూడాలి. రెండోది పరీక్షను సాగదీస్తుంది గానీ సాధారణంగా రక్తస్రావం తేదు.

3. హెప్టెమ్ లేకపోతే నమూనాను బస్సులో హైదరాబాద్ పంపవద్దు. ఆలస్యం, కుదుపులు ఫలితాన్ని చెడగొడతాయి. హెపారిన్ ప్రభావాన్ని కొలిచే యాంటీ టెన్ ఏ పరీక్ష గురించి డాక్టరును అడగండి.

ఫిబ్‌టెమ్‌లో ప్లేట్‌లెట్లను ఆపేస్తారు కాబట్టి ఆ 34 ఫైబ్రినోజెన్ (గడ్డను కట్టే ప్రోటీన్) బలం. ఒంట్లోని వాపు (ఇన్‌ఫ్లమేషన్) వల్ల అది పెరిగింది, అంటే ఈ రోగి రక్తం గడ్డలు కట్టే వైపే మొగ్గుతున్నారు. హెపారిన్‌ను మీరుగా ఆపవద్దు.