వడ్రంగి షెడ్డులో కొత్త యంత్రాలు: దుమ్ము లాగే ఏర్పాటును వాయిదా వేయవచ్చా?

కావలి దగ్గర తలుపులు, కిటికీలు చేసే షెడ్డుకు ప్లేనరు (చెక్కను చదును చేసేది), బల్ల రంపం, శాండరు (నునుపు పట్టేది) కొంటున్నామని, దుమ్ము లాగే డస్ట్ కలెక్టరును వచ్చే ఏడాది చూసుకోవచ్చా అని ఒకరు అడిగారు. వద్దు, డబ్బు చాలకపోతే శాండరును ఆపి అయినా దానిని ముందే కొనండి.

కంటికి కనిపించే పొట్టుతో ఊపిరితిత్తులకు పెద్ద ప్రమాదం లేదు, అది చీపురుతో పోతుంది. 10 మైక్రాన్లకు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) లోపు ఉండే ధూళి మాత్రం యంత్రం ఆగిన తరువాత కూడా చాలాసేపు గాలిలో తేలుతూ ఊపిరితిత్తుల లోతుకు చేరుతుంది. సాయంత్రం రేకుల సందులోంచి పడే ఎండచారలో మెరుస్తూ కదిలేది అదే. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం కలప ధూళిని మనుషులకు క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి వర్గంలో చేర్చింది. ఉదయగిరి చెక్క గరిటెల వంటి చిన్న పనిలోనైనా, నునుపు పట్టే దశలోనే ఈ సన్నని ధూళి ఎక్కువగా పుడుతుంది.

డస్ట్ కలెక్టరు కొనేటప్పుడు మోటారు శక్తి (హెచ్‌పీ) ఒక్కటే చూడకండి. గొట్టంలో గాలి వేగం సెకనుకు సుమారు 20 మీటర్లు ఉంటేనే పొట్టు దారిలో పేరుకోకుండా సాగుతుంది. ముడతల గొట్టం పొడవయ్యేకొద్దీ ఆ లాగుడు తగ్గుతుంది కాబట్టి, ప్రధాన గొట్టాన్ని నున్నని రేకుతో, వంపులు తగ్గించి వేయించి, దానికి ఎర్తింగు ఇప్పించండి. 30 మైక్రాన్ల గుడ్డ సంచి సన్నని ధూళిని తిరిగి షెడ్డులోకే ఊదుతుంది. 1 మైక్రాన్ ఫిల్టరు అడగండి. మన షెడ్లకు ఏసీ ఉండదు, లోపలి గాలి బయటికి పోయినా నష్టం లేదు కనుక, డస్ట్ కలెక్టరును వెనుక గోడ బయట, నవంబరు వానకు తడవకుండా రేకు కింద బిగిస్తే ఇంకా మేలు.